పైత్యం దారిలో కొలెస్ట్రాల్

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఏడాది తిరిగేసరికి పాత ప్యాంటులో రెండు కాళ్లూ ఒకే వైపు దూర్చి ఫొటో దిగుతారు. నడుం చుట్టుకొలత తగ్గినంత తేలిగ్గా రక్తపరీక్ష కాగితం మీది కొలెస్ట్రాల్ కూడా తగ్గుతుందా? కొందరికి తగ్గుతుంది. కొందరికి మొండికేస్తుంది. ఇంకొందరికి మధ్యలో పెరిగి భయపెడుతుంది. ఎందుకో తెలియాలంటే కాసేపు పొట్టను పక్కనబెట్టి, ఎవరూ పట్టించుకోని పైత్యరసం వెంట నడవాలి. ఆ దారిలో ఏరుకున్న విశేషాలివి.

పేరులోనే పైత్యం

ఎవరైనా అడ్డదిడ్డంగా మాట్లాడితే 'పైత్యం ప్రకోపించింది' అంటాం. కొలెస్ట్రాల్ పేరులోనూ పైత్యమే ఉంది. గ్రీకు భాషలో 'కోలే' అంటే పైత్యం, 'స్టీరియోస్' అంటే గడ్డకట్టినది. 18వ శతాబ్దంలో ఫ్రెంచి వైద్యుడు పుల్తియే ద లా సాల్ ఈ పదార్థాన్ని మొట్టమొదట పట్టుకున్నది పిత్తాశయంలో ఏర్పడిన రాళ్లలో. 1815 ప్రాంతంలో దానికి పేరు పెట్టినవాడు మిషెల్ షెవ్రోల్ అనే ఫ్రెంచి రసాయనవేత్త. కొవ్వుల గుట్టు విప్పి పేరు తెచ్చుకున్న ఆ పెద్దమనిషి 102 ఏళ్లు బతికాడు!

కడిగి మళ్లీ బంతికి

ఒంట్లో ఉన్న కొలెస్ట్రాల్‌లో దాదాపు ముప్పాతిక వంతు ఒళ్లు స్వయంగా వండుకున్నదే. కాలేయం అందులో ప్రధాన వంటవాడు. చిత్రమేమిటంటే, వండటం తెలిసిన ఒంటికి దాన్ని కాల్చి బూడిద చేయడం తెలియదు. వదిలించుకోవడానికి ఉన్న పెద్ద దారి పైత్యరసం ఒక్కటే. కాలేయం కొంత కొలెస్ట్రాల్‌ను పైత్య ఆమ్లాలుగా మార్చి పేగులోకి పంపుతుంది. తిన్న నూనె, నెయ్యి అరిగేది వాటివల్లే. పని అయ్యాక అవి బయటికి పోతాయా అంటే, పోవు. చిన్నపేగు చివరి భాగం వాటిలో 95 శాతాన్ని తిరిగి పీల్చి కాలేయానికి అప్పజెప్పేస్తుంది. పెళ్లింట్లో గ్లాసులు కడిగి మళ్లీ తర్వాతి బంతికి పెట్టినట్టన్నమాట. కొలెస్ట్రాల్ తగ్గాలంటే ఆ గ్లాసుల్లో కొన్నైనా వెనక్కి రాకూడదు. అప్పుడు కాలేయం కొత్తవి చేసుకోవడానికి రక్తంలోని కొలెస్ట్రాల్‌ను లాక్కుంటుంది.

బరువు జోలికి పోని కోత

ఈ గ్లాసుల లెక్క చూసి అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ సర్జన్ హెన్రీ బుక్వాల్డ్ 1963లో ఒక సాహసం చేశాడు. పైత్య ఆమ్లాలను వెనక్కి పీల్చే ఆ చివరి పేగు భాగం, సుమారు 2 మీటర్లు, తిండి దారిలోంచి తప్పించేశాడు. ఉద్దేశం బరువు తగ్గించడం కానే కాదు. కొలెస్ట్రాల్ తగ్గించడమే. తర్వాత, ఒకసారి గుండెపోటు వచ్చి బతికిన 838 మందితో పెద్ద పరీక్ష నడిచింది. 1990లో ఫలితాలు వచ్చాయి: ఐదేళ్లకు ఆపరేషన్ అయినవాళ్లలో చెడ్డ కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, మిగతావాళ్ల కంటే దాదాపు 38 శాతం తక్కువ. అప్పటికే బజారులోకి స్టాటిన్ మాత్రలు వచ్చేశాయి గనుక ఆ ఆపరేషన్ మరుగున పడింది. విరేచనాలు, కిడ్నీలో రాళ్ల బెడద కూడా దానికి తోడుండేది. పేగు మార్గం మారిస్తే రక్తంలో కొలెస్ట్రాల్ మారుతుందన్న సంగతి మాత్రం నిలబడిపోయింది.

ఒకే వార్డు, రెండు రిపోర్టులు

ఇవాళ ఎక్కువగా చేసే బరువు తగ్గే ఆపరేషన్లు రెండు. స్లీవ్‌లో పొట్టను నిలువునా కోసి సుమారు 80 శాతం తీసేస్తారు, పేగుల జోలికి వెళ్లరు. బైపాస్‌లో పొట్టను చిన్న సంచిగా చేసి, దాన్ని పేగు మొదటి భాగం దాటించి కిందికి కలుపుతారు. అందుకే పక్కపక్క మంచాల్లో ఉన్న ఇద్దరు సమానంగా బరువు తగ్గినా రిపోర్టులు ఒకేలా ఉండవు. రెండింటిలోనూ ట్రైగ్లిసరైడ్లు అనే రక్తంలోని కొవ్వులు తగ్గుతాయి, మంచి కొలెస్ట్రాల్ అయిన హెచ్‌డీఎల్ పెరుగుతుంది. ఎల్‌డీఎల్ మాత్రం బైపాస్‌లో బాగా దిగుతుంది, స్లీవ్‌లో చాలామందికి అంతగా కదలదు. 'ఆవిడకి తగ్గింది, నాకెందుకు తగ్గలేదు?' అని డైటీషియన్‌ను నిలదీసే ముందు ఇద్దరిదీ ఏ ఆపరేషనో చూసుకోవాలి. స్లీవ్ వాళ్లకు కంచమే ఎక్కువ పని చేసిపెట్టాలి.

మూడు మూతల సంచి

బైపాస్ తర్వాత మిగిలే పొట్ట సంచి సుమారు 30 మిల్లీలీటర్లు. దగ్గు మందు సీసాతో వచ్చే 10 మిల్లీలీటర్ల మూతను మూడుసార్లు నింపితే అయిపోతుంది. కాలం గడిచేకొద్దీ అది కొంత సాగుతుంది గానీ, మొదటి నెలల్లో ఇందులోనే రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ పట్టించాలి. అందుకని మన భోజనం వరుస తలకిందులవుతుంది. గుడ్డు, చేప, చికెన్, పప్పు, మీగడ తీసిన పెరుగు ముందు. కూర తర్వాత. అన్నం ఆఖరున, చోటుంటే. ఆవకాయతో మొదలుపెట్టి అన్నంలోనే అన్నీ కలుపుకొనే మనకు ఇది పెద్ద పరీక్షే. నీళ్లు కూడా భోజనంతో కలిపి తాగకూడదు, అరగంట ఆగాలి.

అన్నంలో లేని కొవ్వు

'నూనె మానేశాను, నెయ్యి మానేశాను, అయినా ట్రైగ్లిసరైడ్లు దిగట్లేదు' అనే మాట తెలుగు ఇళ్లలో తరచూ వినపడుతుంది. తెల్లన్నం, పంచదార, పళ్లరసాలు అవసరానికి మించితే కాలేయం వాటినే కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. ట్రైగ్లిసరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ అన్న జంట దక్షిణాసియా వాళ్లలో మామూలుగా కనపడేదే. సర్జరీ తర్వాత ఇందులో ఒక వెసులుబాటు ఉంది. బైపాస్ అయినవాళ్లు తీపి కాస్త ఎక్కువ తింటే చెమటలు, గుండెదడ, కడుపులో తిప్పుడు వచ్చి కూలబడిపోతారు. పంచదార సరాసరి పేగులో పడటం వల్ల వచ్చే ఈ అవస్థను డంపింగ్ అంటారు. డాక్టరు పక్కన లేనప్పుడు తిట్టే డాక్టరది!

జారిపోయే జంతికలు

గట్టి చికెన్ ముక్క నాలుగు ముద్దలకే చాలనిపిస్తుంది. జంతికలు మాత్రం గిన్నెడు లాగించినా చాలనిపించదు. కరకరలాడేవి నోట్లోనే పిండై, చిన్న సంచిలో నిలవకుండా కిందికి జారిపోతాయి. బిస్కెట్లు, బూందీ, చిప్స్, ఐస్‌క్రీమ్ అన్నీ ఈ జారుడుబల్ల బాపతే. ఆపరేషన్ జరిగిన రెండు మూడేళ్లకు బరువు, కొలెస్ట్రాల్ కలిసి వెనక్కి రావడానికి ఇదొక దొంగదారి. పైగా బజారు జంతికలు ఎక్కువగా వేగేది పామాయిల్‌లో. అందులో సగం దాకా సంతృప్త కొవ్వే. ఆయిల్‌పామ్ తోటలకు ఆంధ్రప్రదేశ్ దేశంలోనే పెద్ద పేరు. దాని జాతీయ పరిశోధన సంస్థ ఉన్నది కూడా ఏలూరు దగ్గరి పెదవేగిలోనే.

లేనిదాన్ని తీసేశామన్న డబ్బా

వేరుశనగ నూనె డబ్బా మీద 'కొలెస్ట్రాల్ లేదు' అని గుండె బొమ్మతో సహా కనిపిస్తే మురిసిపోకండి. ఏ నూనెగింజలోనూ లెక్కలోకి వచ్చేంత కొలెస్ట్రాల్ ఉండదు. అది జంతువుల నుంచి వచ్చేవాటిలోనే ఉంటుంది. నూనె విషయంలో అడగాల్సిన ప్రశ్న వేరు: సంతృప్త కొవ్వు ఎంత? అది ఎక్కువైతే కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాగడం తగ్గిస్తుంది. కొబ్బరినూనెలో కొలెస్ట్రాల్ సున్నా, సంతృప్త కొవ్వు మాత్రం 80 శాతం పైచిలుకు. నెయ్యిలో 60 శాతం పైన. వేరుశనగ, నువ్వుల నూనెల్లో ఐదో వంతుకు లోపే. వీటన్నిటి కంటే చెడ్డది వనస్పతిలో పుట్టే ట్రాన్స్ కొవ్వు. ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది, హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది. మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో అది 2 శాతం దాటకూడదన్న నిబంధన 2022 జనవరి నుంచి అమల్లో ఉంది.

తాతగారి పాతిక గుడ్లు

1991లో అమెరికాలో ఒక వైద్య పత్రిక 88 ఏళ్ల వృద్ధుడి కథ అచ్చువేసింది. ఏళ్ల తరబడి ఆయన రోజుకు 25 గుడ్లు తినేవాడు. కొలెస్ట్రాల్ చూస్తే మామూలే! పరీక్షిస్తే తేలిందేమిటంటే, ఆయన పేగు తిన్న కొలెస్ట్రాల్‌లో ఐదో వంతు కూడా పీల్చుకోవడం లేదు. కాలేయమేమో మామూలువాళ్ల కంటే చాలా ఎక్కువగా పైత్య ఆమ్లాలు తయారుచేసి పారబోస్తోంది. అందరి ఒళ్లూ అలాంటిది కాదు గనుక ఆయన్ని అనుకరించనక్కర్లేదు. ఒక పచ్చసొనలో సుమారు 200 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటే తెల్లసొనలో అసలుండదు. రోజుకు 300 మిల్లీగ్రాములు మించరాదన్న పాత గీతను అమెరికా ఆహార మార్గదర్శకాలు 2015లో తీసేశాయి. తిండిలోని కొలెస్ట్రాల్ కంటే సంతృప్త కొవ్వే రక్తంలో అంకెను ఎక్కువగా పెంచుతుంది. గుడ్ల ఉత్పత్తిలో దేశానికే ముందు వరుసలో ఉన్న ఆంధ్రాలో సర్జరీ అయినవాళ్లకు గుడ్డు 6 గ్రాముల మెత్తటి, చవక ప్రొటీన్. నెయ్యిలో వేయించిన ఆమ్లెట్‌కు బదులు ఉడికించినదైతే చాలు. భేజా ఫ్రై సంగతి వేరు. ఏ జంతువు మెదడులోనైనా 100 గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాముల పైనే కొలెస్ట్రాల్ ఉంటుంది.

కోళ్లు గెలిపించిన మాత్ర

స్టాటిన్ మాత్రలు బూజులోంచి పుట్టాయి. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో 1970ల మొదట్లో సుమారు 6 వేల రకాల బూజుల్ని జల్లెడ పట్టి ఒకదాంట్లో ఆ పదార్థాన్ని కనిపెట్టాడు. ఎలుకలకు ఇస్తే కొలెస్ట్రాల్ తగ్గలేదు. పని ఆగిపోయేలా ఉంది. పచ్చసొన నిండా కొలెస్ట్రాలే కదా, గుడ్లు పెట్టే కోళ్లకు ఇచ్చి చూద్దామనుకున్నారు. కోళ్ల రక్తంలో అది సగానికి పడిపోయింది! 1987లో మొదటి స్టాటిన్ అమెరికాలో మందుగా వచ్చింది. సర్జరీ తర్వాత ఈ మాత్ర మోతాదు తగ్గవచ్చు, కొందరికి అవసరమే తీరిపోవచ్చు. ఆ మాట చెప్పాల్సింది రక్తపరీక్ష, డాక్టరు. అద్దం కాదు. నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మాత్రలు కొత్త పేగు దారిలో సరిగా ఒంటపట్టకపోవచ్చు గనుక మందుల చీటీ మొత్తం సర్జన్‌కు చూపించాలి.

బెండకాయ చేసే బైపాస్

పిల్లలు జిగురని ముఖం చిట్లించే బెండకాయకు వైద్యశాస్త్రంలో గొప్ప మర్యాద దక్కింది. టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం 2003లో ఒక భోజన పద్ధతిని పరీక్షించింది. జిగురు పీచు కోసం ఓట్స్, బార్లీ, ఇసబ్‌గోల్‌తో పాటు బెండకాయ, వంకాయ. వాటికి తోడు బాదంపప్పు, సోయా, మొక్కల స్టెరాల్స్. నెల తిరిగేసరికి ఎల్‌డీఎల్ సుమారు 29 శాతం తగ్గింది. అదే పరీక్షలో స్టాటిన్ వేసుకున్నవాళ్లకు తగ్గింది 31 శాతం. జిగురు చేసే పని ఏమిటి? పేగులో పైత్య ఆమ్లాలను పట్టుకుని మలంతో బయటికి ఈడ్చుకుపోవడం. బుక్వాల్డ్ కత్తితో చేసిందాన్ని బెండకాయ మెల్లగా, కుట్లు లేకుండా చేస్తుంది. గోరుచిక్కుడు గింజలోనూ ఇలాంటి జిగురే ఉంది. మెత్తటి తిండి దశ దాటాక, ఈనెలు తీసి బాగా ఉడికించిన కూరగా మొదలుపెట్టవచ్చు. వేపుడు చేస్తే మాత్రం లాభంలో సగం బాణలికే పోతుంది.

మెంతులు: చెంచా ఎంత, పరీక్ష ఎంత

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మొదట కూనూరులో 1918లో బెరిబెరి వ్యాధి పరిశోధన కేంద్రంగా పుట్టి, 1958లో హైదరాబాద్ వచ్చింది. మెంతుల మీద పేరున్న పరిశోధనల్లో ఈ సంస్థవి ముఖ్యమైనవి. 1990లో వచ్చిన ఒక అధ్యయనంలో మధుమేహులకు మెంతిపిండి ఇస్తే చక్కెరతో పాటు కొలెస్ట్రాల్ కూడా తగ్గింది. అక్కడ ఇచ్చిన మోతాదు చూడండి: రోజుకు 100 గ్రాములు, నూనె తీసేసిన పిండి, రెండు పూటలా. పరగడుపున నానబెట్టిన చెంచాడు మెంతులు మింగి అదే ఫలితం ఆశిస్తే ఎలా? పైగా మూడు మూతల సంచిలో 100 గ్రాముల పిండి పట్టే మాటే లేదు. మెంతికూర పప్పుగా, పులుసులో ఊరిన గింజగా వంటలో భాగమైతే చాలు. దాన్ని మందనుకోకపోతే నిరాశ ఉండదు.

ఉబ్బే పొట్టు

ఇసబ్‌గోల్ పొట్టు ప్రపంచానికి ఎక్కువగా అందేది గుజరాత్‌లోని ఊంఝా, సిద్ధపూర్ బజార్ల నుంచే. పైత్య ఆమ్లాలను పట్టుకోవడంలో ఇది ఘటికురాలు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఓట్స్ పీచుకు 1997లో, దీనికి 1998లో 'గుండెకు మేలు' అని డబ్బాల మీద రాసుకోనిచ్చింది. ఓట్స్‌లోని జిగురు రోజుకు 3 గ్రాములు అందితే లాభం కనపడుతుందంటారు. అంత రావాలంటే సుమారు 70 గ్రాముల ఓట్స్ తినాలి. ఆపరేషన్ కొత్తలో అంత తినలేరు. ఇసబ్‌గోల్‌కు ఇంకో చిక్కుంది. నీళ్లు తగినన్ని లేకపోతే అది దారిలోనే ఉబ్బి ఇరుక్కుంటుంది. నీళ్లు గుక్కగుక్కగా తప్ప తాగలేని రోజుల్లో దాని జోలికి వెళ్లకపోవడమే మేలు. డైటీషియన్ సరేనన్నాక, కొంచెంతో మొదలు.

ఫిల్టర్ కాఫీ గుట్టు

1983లో నార్వేలోని ట్రోమ్సో పట్టణంలో జరిగిన పరిశీలనలో కాఫీ ఎక్కువ తాగేవాళ్లకు కొలెస్ట్రాల్ ఎక్కువని తేలింది. దోషి కెఫీన్ కాదు, కాఫీ గింజ నూనెలోని కెఫెస్టాల్. కాలేయం కొలెస్ట్రాల్‌ను పైత్య ఆమ్లాలుగా మార్చే పనికి అది అడ్డుపడుతుంది. ఇక్కడా పైత్యమే! కాగితపు ఫిల్టర్ ఆ నూనెను పట్టి ఉంచుతుంది. మన ఇత్తడి, స్టీలు ఫిల్టర్ల రంధ్రాలు అంత సన్నగా ఉండవు. ఒక కప్పుకు బెంగ అక్కర్లేదు. నాలుగైదు కప్పులు, అదీ చిక్కటి పాలతో అయితే ఆలోచించాల్సిందే. సర్జరీ అయినవాళ్లకు మరో మాట: ఐరన్ మాత్ర వేసుకునే వేళకూ కాఫీ, టీ వేళకూ మధ్య ఎడం ఉండాలి. లేకపోతే ఐరన్ ఒంటికి పట్టదు.

కరిగేటప్పుడు పెరిగే లెక్క

కొవ్వు కణాలు కొవ్వుతో పాటు కొలెస్ట్రాల్‌నూ దాచుకుంటాయి. బరువు వేగంగా కరిగే నెలల్లో ఆ దాపుడు సరుకు రక్తంలోకి దిగి, కొందరిలో ఎల్‌డీఎల్ తాత్కాలికంగా పెరిగినట్టు కనపడుతుంది. బరువు నిలకడగా ఉన్నప్పుడు వచ్చే అంకే నమ్మదగినది. ఇంకో సంగతి: చాలా రిపోర్టుల్లో ఎల్‌డీఎల్‌ను కొలవరు, లెక్కగడతారు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిసరైడ్లలో ఐదో వంతునూ తీసేస్తే మిగిలేదే అది. 1972లో ఫ్రీడ్‌వాల్డ్ చెప్పిన సూత్రమిది. ట్రైగ్లిసరైడ్లు 400 దాటితే ఈ కూడికలు, తీసివేతలు పనికిరావు.

భీమవరం నుంచి మాత్రలోకి

కొలెస్ట్రాల్ భయంతో గుడ్డు, చేప, మాంసం అన్నీ మానేస్తే ఎల్‌డీఎల్ కంటే ముందు బీ12, ఐరన్ పడిపోతాయి. బీ12 ఒంటపట్టడానికి పొట్ట గోడలోంచి వచ్చే ఒక ప్రొటీన్ కావాలి. పొట్టే కుదించుకుపోయాక అది తక్కువ పడుతుంది. అందుకే జీవితాంతం విటమిన్ మాత్రలు. ఆ డబ్బా వెనక కనిపించే ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కవళ్ల లాంటి సముద్రపు చిన్న చేపలు తినేవాళ్లకు బీ12తో పాటు ట్రైగ్లిసరైడ్లను తగ్గించే ఒమేగా-3 కొవ్వు కూడా దొరుకుతుంది. శాకాహారులకు అవిసె గింజల పొడిలో ఒమేగా-3లోనే మరో రకం ఉంది, బీ12 మాత్రం లేదు.

ఎలుగుబంటి సాయం

ఒళ్లు గబగబా కరుగుతుంటే కాలేయం పైత్యంలోకి కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా వదులుతుంది. కొవ్వు తిననప్పుడు పిత్తాశయం ముడుచుకోక పైత్యం అందులోనే నిలవ ఉండిపోతుంది. రెండూ కలిస్తే రాళ్లు. పుల్తియే చూసిన అవే కొలెస్ట్రాల్ రాళ్లు! నూనె చుక్క కూడా తాకను అని ఒట్టు పెట్టుకున్నవాళ్లకు ఇదొక హెచ్చరిక. వంటలో చెంచాడు మంచి నూనె ఉండాల్సిందే. 1995లో అమెరికాలో బైపాస్ అయినవాళ్ల మీద జరిగిన అధ్యయనంలో మందు లేనివాళ్లలో దాదాపు మూడో వంతుకు ఆరు నెలల్లోనే రాళ్లు వచ్చాయి. రోజుకు 600 మిల్లీగ్రాముల ఉర్సోడియాల్ వేసుకున్నవాళ్లలో 2 శాతానికే. లాటిన్‌లో 'ఉర్సుస్' అంటే ఎలుగుబంటి. ఉర్సోడియాల్ అనే ఈ పైత్య ఆమ్లం ఎలుగు పైత్యంలో దండిగా ఉంటుంది. చైనా నాటువైద్యులు శతాబ్దాలుగా దాన్ని వాడారు. ఇప్పుడు ఎలుగుతో పని లేదు. కార్ఖానాల్లో ఎక్కువగా పశువుల పైత్యంలోంచే దీన్ని తయారుచేస్తారు. ఒకరి పైత్యం కుదరడానికి ఇంకొకరి పైత్యం కావాలన్నమాట!